గేటు సందు దొరికితే చాలు, మా పిడుగు పరార్! ఆపేదెలా?

మల్లెపందిరి
మా ఇంట్లో బీగిల్ కలిసిన మగకుక్క ఉంది. ఏడాదిన్నర వయసు. పిల్లలు పిడుగు అని పేరు పెట్టారు, వాడు ఆ పేరును సార్థకం చేసుకుంటున్నాడు. ఇంట్లో ఉన్నంతసేపూ బంగారం. ఒళ్లో తలపెట్టి పడుకుంటాడు, పిల్లల వెనకే తిరుగుతాడు, నేను బాత్రూంలోకి వెళ్తే తలుపు బయట కాపలా కూర్చుంటాడు. కానీ గేటు జానెడు తెరుచుకుంటే కాళ్ల మధ్య నుంచి దూరి రెప్పపాటులో వీధి చివర ఉంటాడు. పిలిస్తే ఆగుతాడు, వెనక్కి తిరిగి చూస్తాడు, తోక ఊపుతాడు, మళ్లీ పరుగు. ఆ చూపు చూస్తే కోపమూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

నిన్న సాయంత్రం చెత్తబుట్ట బయట పెట్టేలోపు మాయం. చీకటి పడ్డాక పెద్ద రోడ్డు అవతల కనబడ్డాడు. మమ్మల్ని చూసి సంతోషంగా రోడ్డుకు అడ్డంగా పరిగెత్తుకొచ్చాడు. ఎదురుగా వస్తున్న కారు బ్రేకు వేసిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. పిల్లలు రాత్రి అన్నం ముట్టలేదు.

ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. మా మామయ్యగారేమో తిరిగొచ్చినప్పుడల్లా నాలుగు తగిలిస్తే దారికొస్తాడంటారు. మా ఆయన గొలుసేసి కట్టేద్దామంటారు. నాకు రెండూ మనసొప్పడం లేదు. అసలు ఇంత ప్రేమగా ఉండేవాడు ఎందుకు పారిపోతాడు? మేమంటే ఇష్టం లేకనా?

వంకరతోక
వీధిలో నిలబడి "పిడుగూ, పిడుగూ" అని అరుస్తుంటే జనం ఆకాశం వైపు చూడరూ?

మల్లెపందిరి
చూస్తారండీ! ఒకాయన నిజంగానే గొడుగు తెరిచారు.

పాతకాపు
మీవారు చెప్పిందే కరెక్టమ్మా. కట్టేయండి. మా చిన్నప్పటి నుంచీ కుక్కల్ని పెంచాం, పగలు గొలుసు, రాత్రి ఇంటి ఆవరణలో వదలడం. ఒక్కటీ బండి కింద పడలేదు. ప్రేమ ప్రేమ అని గేటు దగ్గర వదిలేస్తే, రేపు బండి కింద పడ్డాక ఏడ్చి లాభం లేదు.

గోడదూకుడు
మాది హస్కీ. గేటుతో పనే లేదు, గోడ దూకేస్తుంది. ఈ చర్చ చివరిదాకా చదువుతాను.

నీలిగన్నేరు
మల్లెపందిరి గారూ, ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు. వాడికి మీరంటే ఇష్టం లేక కాదు. బీగిల్ అంటే తరాల తరబడి కుందేలు వాసన పట్టి, మనిషి పక్కన లేకపోయినా ముక్కు చెప్పిన దారిన పోయేలా పెంచిన జాతి. వాసన గ్రహించే కణాలు మనకు 50, 60 లక్షలు ఉంటే ఇలాంటి కుక్కలకు 20 కోట్ల పైనే ఉంటాయి. గేటు బయట మీకు కనబడేది ఖాళీ వీధి. వాడికి మాత్రం ఈ పొద్దున ఎవరు నడిచారు, ఏ కుక్క ఎక్కడ ఆగింది, పిల్లి ఏ గోడ కింద దూరింది, అంతా తెలుస్తూ ఉంటుంది. ఆ మత్తులో మీ పిలుపు చెవిన పడినా బుర్రకు ఎక్కదు. ఆగి వెనక్కి చూస్తున్నాడు అన్నారు చూడండి, అది మంచి గుర్తు. మీరు వస్తున్నారా లేదా అని చూసుకుంటున్నాడు. మీరు వెంటపడితే, ఓహో అందరం కలిసి వెళ్తున్నాం అనుకుని ఇంకా ముందుకు పోతాడు.

మామయ్యగారి మాట మాత్రం దయచేసి వినకండి. కుక్క ఇప్పుడు జరిగినదాన్ని ఇప్పటి పనితోనే ముడిపెడుతుంది. గంట క్రితం గేటు దాటినందుకు దెబ్బ పడిందని దానికి తెలియదు. మీ దగ్గరికి వచ్చినందుకు దెబ్బ పడిందనే నేర్చుకుంటుంది. రెండుసార్లు అలా జరిగిందంటే మూడోసారి చేతికి అందేంత దూరంలో ఆగిపోతుంది. అప్పుడు పట్టుకోవడం మీ తరం కాదు.

పాతకాపు
మరి తిరిగొచ్చిన వెంటనే అపరాధిలా తల దించుకుని, చెవులు వాల్చి, తోక ముడిచి వస్తుందే? తప్పు తెలిసే కదా?

నీలిగన్నేరు
తప్పు తెలిసి కాదు పెద్దాయనా, మన మొహం చూసి. మన గొంతు, నిలబడ్డ తీరు చూసి రాబోయేది పసిగట్టి బతిమాలుతుంది. ఏమీ చేయని కుక్క ముందు కోపంగా నిలబడి చూడండి, అదీ అలాగే చేస్తుంది.

సెలయేరు
నీలిగన్నేరు గారు చెప్పింది మా ఇంట్లో కళ్లారా చూశాం. మా కుక్క ఇంతకుముందు ఎవరి దగ్గరో దెబ్బలు తిని మా దగ్గరికి వచ్చింది. "రా" అనే మాట వింటే చాలు, బల్ల కింద దూరేది. ఆ మాటే ఇంట్లో మానేశాం. కొత్తగా ఒక విజిల్ కొని, విజిల్ ఊదడం, ఉడికించిన మాంసం ముక్క పెట్టడం, అంతే. మొదట్లో పక్కనే కూర్చుని ఊదేదాన్ని. తర్వాత పక్క గదిలోంచి. ఇప్పుడు తోట చివరి నుంచి దూసుకొస్తుంది. విజిల్‌లో కోపం వినబడదు, ఎవరు ఊదినా ఒకేలా ఉంటుంది. అది నాకు బాగా నచ్చింది.

వంకరతోక
మా ఇంట్లో విజిల్ వేస్తే మా నాన్నగారు వస్తున్నారు. మాంసం ముక్క మహిమ.

మూగనేస్తం
నేను పశువైద్యుణ్ణి. మల్లెపందిరి గారూ, పిడుగుకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించారా? ఏడాదిన్నర మగకుక్క అంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. ఆడకుక్క సుమారు ఆరు నెలలకోసారి ఎదకు వస్తుంది, అది దాదాపు మూడు వారాలు ఉంటుంది. ఆ వాసన మగకుక్కకు చాలా దూరం నుంచి తెలుస్తుంది. ఆ రోజుల్లో తిండి కూడా మానేసి గేటు దగ్గరే పడిగాపులు కాసేవి నా దగ్గరికి ఎన్నో వస్తుంటాయి.

మల్లెపందిరి
చేయించలేదు డాక్టర్ గారూ. చేయిస్తే స్వభావం మారిపోతుందని, మందకొడిగా తయారవుతాడని ఎవరో చెప్పారు.

మూగనేస్తం
స్వభావం మారదండీ. ఆడుకునేవాడు ఆడుకుంటూనే ఉంటాడు. తిండి అంతే పెట్టి నడక తగ్గిస్తే మాత్రం ఒళ్లు వస్తుంది, అది మన చేతిలో ఉంది. ఆడవాసన కోసం తిరగడం చాలా కుక్కల్లో బాగా తగ్గుతుంది. అయితే రెండు మాటలు గుర్తుంచుకోండి. ఆపరేషన్ అయిన మర్నాడే తగ్గదు, హార్మోన్ల ప్రభావం దిగడానికి కొన్ని వారాలు పడుతుంది. పైగా కుందేలు వాసన కోసమో, విసుగు పుట్టో పారిపోయే అలవాటును ఆపరేషన్ ఏమీ చేయలేదు. ఏ వయసులో చేయించాలన్నది జాతిని బట్టి, ఒంటి పరిమాణాన్ని బట్టి మారుతుంది. మీ డాక్టరుతో మాట్లాడండి.

గుమ్మంముందు
మాది ఆడకుక్క, ఆపరేషన్ అయింది, అయినా పారిపోతుంది. అంటే మాది విసుగు కేసా?

మూగనేస్తం
కావచ్చు. రోజూ ఏం చేస్తుంది చెప్పండి.

గుమ్మంముందు
పొద్దున ఇంటి చుట్టూ ఒక చుట్టు. తర్వాత మేం పనికి వెళ్లిపోతాం. సాయంత్రం దాకా నిద్ర.

నీలిగన్నేరు
గుమ్మంముందు గారూ, జవాబు మీ పోస్టులోనే ఉంది. ఆ ఒక్క చుట్టులో వాసన చూడనిస్తారా, లాక్కుపోతారా? చాలామంది నడక అంటే వేగంగా నడిపించడమే అనుకుంటారు. కుక్కకు నడక కంటే ముక్కుతో వెతకడమే పని. చెట్టు దగ్గర ఎంతసేపు ఆగితే అంతసేపు ఆగండి. ఇంట్లో తిండి గిన్నెలో పోయకుండా గడ్డిలో చల్లండి, పాత తువ్వాలులో కుక్కల తిండి గింజలు చుట్టి ముడేసి ఇవ్వండి. ముక్కుకు పని దొరికిన రోజు గేటు మీద మోజు తగ్గుతుంది.

పుస్తకాలపురుగు
ఈ వయసు గురించి ఒక అధ్యయనం ఉంది. 2020లో బ్రిటన్ పరిశోధకులు బయాలజీ లెటర్స్ పత్రికలో ప్రచురించారు. ఐదు నెలల వయసులో చెప్పిన మాట విన్న కుక్కలే ఎనిమిది నెలలకు వచ్చేసరికి సొంత యజమాని "కూర్చో" అంటే వినడం తగ్గించాయి. విచిత్రం ఏమిటంటే, అదే మాట కొత్తవాళ్లు చెబితే విన్నాయి. యుక్తవయసు దాటాక మళ్లీ దారిలో పడ్డాయి. కాబట్టి పిడుగు మీ మీద పగబట్టాడని అనుకోకండి, ఆ వయసు తాలూకు తల బిరుసు ఇంకా కొంత మిగిలి ఉండొచ్చు.

వంకరతోక
అచ్చం మా తమ్ముడే. ఇంట్లో వాళ్ల మాట తప్ప అందరి మాటా వింటాడు.

చిన్నూ_నాన్న
ఇంత చర్చ ఎందుకు, ట్రాకర్ కట్టేయండి. మా చిన్నూ మెడకు జీపీఎస్ ఉంది. మ్యాపులో మేం గీసిన గీత దాటగానే ఫోన్ మోగుతుంది. ఎక్కడున్నాడో మ్యాపులో కనబడుతుంది. టెన్షన్ లేదు.

గోడదూకుడు
మైక్రోచిప్ వేయించాం కదా, దాంతో కనబడదా మ్యాపులో?

చిన్నూ_నాన్న
కనబడదు బ్రో. చాలామంది ఇక్కడే పొరబడతారు. మైక్రోచిప్‌లో బ్యాటరీ ఉండదు, అది ఎక్కడికీ సిగ్నల్ పంపదు. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద వేస్తారు. రీడర్ దగ్గరికి తెచ్చినప్పుడు మాత్రమే 15 అంకెల నంబరు చూపిస్తుంది. ఆ నంబరు పక్కన మీ ఫోన్ నంబరు నమోదై ఉంటేనే ఉపయోగం. ఇంటి తలుపు మీద నంబరు పలక లాంటిది, దారి చూపించేది కాదు. జీపీఎస్ ట్రాకర్ వేరు. అది ఉపగ్రహాల నుంచి తన స్థానం లెక్కగట్టి మొబైల్ నెట్‌వర్క్ ద్వారా మనకు పంపుతుంది. బ్లూటూత్ ట్యాగులు ఇంకో రకం, చుట్టుపక్కల ఎవరిదైనా ఫోన్ ఉంటేనే పనిచేస్తాయి. జనం లేని చోట దండగ.

మూగనేస్తం
చిన్నూ నాన్నగారు బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతాను. చిప్ వేయించాక ఇల్లు మారినా, ఫోన్ నంబరు మారినా ఆ నమోదులో మార్చడం మరవద్దు. చిప్ చదివి పాత నంబరుకు ఫోన్ చేసి, ఎవరూ ఎత్తక కూర్చున్న రోజులు మాకు ఉన్నాయి. అన్నిటికంటే తొందరగా పనిచేసేది మెడపట్టీ మీద చెక్కిన ఫోన్ నంబరు. దానికి రీడరూ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు.

వెతుకులాట
తప్పిపోయిన కుక్కల్ని వెతికే పనిలో ఉంటాను. ట్రాకర్ ఉంటే టెన్షన్ లేదు అన్న మాట ఒప్పుకోను. ట్రాకర్ బండిని ఆపలేదు. ఎక్కడుందో తెలుస్తుంది, ఏమవుతుందో చెప్పలేదు. బ్యాటరీ అయిపోతుంది, మెడపట్టీ జారిపోతుంది. కొనండి, తప్పులేదు. గేటుకు బదులుగా మాత్రం కాదు.

చిన్నూ_నాన్న
గేటుకు బదులని నేను అనలేదండీ.

వెతుకులాట
మీరు అనలేదు. చదివేవాళ్లు అలా అనుకుంటారని చెప్పాను.

పాతకాపు
చూశారా, మళ్లీ తిరిగి తిరిగి గేటు దగ్గరికే వచ్చాం. అందుకే కట్టేయమన్నాను.

మూగనేస్తం
పాతకాపు గారూ, బండి కింద పడకూడదన్న మీ భయం నాదీ. గేటు తీసే కాసేపు, మనిషి పక్కనుండి కట్టడం వేరు. రోజంతా గొలుసున ఉంచడం వేరు. రోజంతా కట్టిన కుక్క పిచ్చెక్కినట్టు గుండ్రంగా తిరగడం, దారిన పోయేవాళ్ల మీద మొరిగి మొరిగి చివరికి కరవడం, గొలుసు చుట్టుకుని మెడకు పుండ్లు పడటం నేను చూస్తూనే ఉంటాను. అలాంటి కుక్క ఒక్కసారి గొలుసు తెంచుకుందంటే మామూలు దానికంటే దూరం పోతుంది.

పాతకాపు
తెంచుకున్నాక దూరం పోతుందన్నది నిజమే. మా ఇంటి పక్కవాళ్లది అలాగే పోయింది. సరే, రోజంతా వద్దు. గేటు తీసేటప్పుడు మాత్రం కట్టండి.

గోడదూకుడు
నా గోడ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

నీలిగన్నేరు
గోడదూకుడు గారూ, ముందు అది ఎక్కడ కాలు ఆనించి ఎక్కుతుందో గమనించండి. చాలాసార్లు గోడ పక్కన ఉన్న డ్రమ్మో, పూలకుండీల వరసో, కుక్కగూడో మెట్టుగా పనికొస్తుంటుంది. అది జరిపితే సగం పని అయిపోతుంది. అప్పటికీ దూకితే గోడ పైన లోపలి వైపుకు వంచిన కంచె వేయించండి. గొట్టం తిరిగేలా అమర్చినా పంజాకు పట్టు దొరకదు. తవ్వి పోయే కుక్కలకైతే కంచె అడుగున తీగవలను లోపలి వైపు నేలలోకి పరిచి పూడ్చాలి, తవ్వినచోటల్లా వల తగిలి ఆపేస్తాయి.

హస్కీ విషయంలో గోడ ఒక్కటే చాలదు. సైబీరియాలో మంచు మీద బండి లాగుతూ మైళ్లు పరిగెత్తడానికి పెంచిన కుక్క అది. పరుగు దానికి ఆకలి లాంటిది కాదు, ఆకలే. మూసి ఉన్న మైదానం ఎక్కడైనా దొరికితే పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒళ్లు అలిసేదాకా పరిగెత్తించండి. ఎండలో వద్దు, అంత బొచ్చుకు వడదెబ్బ తొందరగా కొడుతుంది.

పుస్తకాలపురుగు
హస్కీ మాట వచ్చింది కాబట్టి టోగో కథ చెప్పకుండా ఉండలేను. 1925లో అలాస్కాలోని నోమ్ ఊళ్లో డిఫ్తీరియా వచ్చినప్పుడు మందు కుక్కబండ్ల మీద చేతులు మారుతూ వెళ్లింది. చివరి విడత నడిపిన బాల్టో అనే కుక్కకు పేరొచ్చింది కానీ, అన్నిటికంటే పొడవైన, ప్రమాదమైన దారి లియొన్‌హార్డ్ సెప్పాలా అనే బండి నడిపేవాడి జట్టుది, ఆ జట్టుకు ముందు నడిచింది టోగో. అప్పటికి దానికి 12 ఏళ్లు. చిన్నప్పుడు అది పరమ అల్లరి. ఎవరికో పెంచుకోవడానికి ఇచ్చేస్తే మూసిన అద్దాల కిటికీలోంచి దూకి సెప్పాలా దగ్గరికే పారిపోయి వచ్చింది. అక్కడా బుద్ధిగా ఉండేది కాదు, కట్టు తప్పించుకుని బండ్ల వెంట పడి మిగతా కుక్కల్ని ఆటపట్టించేది. విసిగిపోయిన సెప్పాలా ఎనిమిది నెలల వయసులో దానికి పట్టీ కట్టి మిగతావాటితో కలిపితే, ఆ మొదటి రోజే 120 కిలోమీటర్ల దాకా లాగింది. పని దొరికేదాకా దాని అల్లరి ఆగలేదు.

గోడదూకుడు
ఇది మా ఇంట్లో చదివి వినిపించాను. మా అమ్మ మా హస్కీని గౌరవంగా చూస్తోంది ఇప్పుడు.

సెలయేరు
కుక్కలకు ఇంటి దారి వాటంతట అవే తెలుస్తుందంటారు కదా. ఎన్నో కిలోమీటర్లు నడిచొచ్చినవి ఉన్నాయంటారు. అంత భయం అవసరమా అని కూడా అనిపిస్తుంది.

పుస్తకాలపురుగు
ఉన్నాయి. 1923లో అమెరికాలో ఇండియానాలో తప్పిపోయిన బాబీ అనే కుక్క, చలికాలమంతా నడిచి 1924 ఫిబ్రవరిలో ఆరెగాన్‌లోని సొంత ఇంటికి చేరింది. సుమారు 4,000 కిలోమీటర్లు. దారి కనుక్కునే తీరు మీద చెక్ పరిశోధకులు 27 వేటకుక్కలకు జీపీఎస్ కట్టి చూశారు, ఆ అధ్యయనం 2020లో వచ్చింది. కొన్ని తాము వెళ్లిన దారి వాసన పట్టుకునే వెనక్కి వచ్చాయి. కొన్ని కొత్త దారిలో వచ్చాయి. అలా కొత్త దారిలో వచ్చేవి చాలాసార్లు ముందు సుమారు 20 మీటర్లు ఉత్తర దక్షిణ దిశగా పరిగెత్తి, ఆ తర్వాత యజమాని వైపు తిరిగాయి. భూమి అయస్కాంత దిశతో సరిచూసుకుంటున్నాయేమో అని వాళ్ల ఊహ.

వెతుకులాట
అద్భుతమైన విషయమే. అయితే వందేళ్ల తర్వాత కూడా బాబీ పేరు చెప్పుకుంటున్నామంటే అలాంటివి ఎంత అరుదో చూడండి. ఆ వేటకుక్కలు కూడా అడవిలో, బండ్లు లేని చోట తిరిగాయి. ఊళ్లో ముక్కుకు దారి తెలిసినా మధ్యలో రోడ్డు ఉంటుంది. వస్తుందిలే అని ఇంట్లో కూర్చోవద్దు.

కుక్క పారిపోయిన వెంటనే ఏం చేయాలో రాస్తాను. మల్లెపందిరి గారు అడగలేదు గానీ అందరికీ పనికొస్తుంది.

కళ్ల ముందే ఉంటే వెంటపడకండి. రెండో వైపుకు తిరిగి, ఉత్సాహంగా కేకలేస్తూ మీరే పరిగెత్తండి. లేదా ఏదో దొరికినట్టు నేల మీద కూర్చుని గడ్డిలో వెతకండి. చాలా కుక్కలు ఏమిటది అని చూడటానికి వచ్చేస్తాయి. కారు ఎక్కే అలవాటుంటే తలుపు తీసి పట్టుకోండి. చేతికి అందాక ఒక్క మాట కూడా తిట్టకండి.

కనబడకుండా పోతే ఒకరు ఇంటి దగ్గరే ఉండాలి, గేటు తెరిచే ఉంచాలి. అది పడుకునే గుడ్డ, మీరు విప్పిన బట్ట గేటు బయట పెట్టండి, నీళ్లు పెట్టండి. మొదటి గంటలో దగ్గర వీధులు, పొదలు, ఆగి ఉన్న బండ్ల కింద చూడండి. దగ్గర్లోని పశువుల ఆసుపత్రులకు, కుక్కల ఆశ్రయాలకు ఫోన్ చేయండి. పోస్టరు మీద పెద్ద ఫొటో, ఫోన్ నంబరు, "వెంటపడకండి, చూస్తే ఫోన్ చేయండి" అన్న మాట, అంతే. ఒంటి మీది ఒక గుర్తు మాత్రం రాయకుండా దాచుకోండి. దొరికిందని డబ్బు కోసం ఫోన్ చేసేవాళ్లను ఆ గుర్తు అడిగి తేల్చుకోవచ్చు.

ఇక బాణసంచాకో ఉరుముకో బెదిరి పోయిన కుక్క సంగతి పూర్తిగా వేరు. అది ఆట కాదు, ప్రాణభయం. ఆ స్థితిలో సొంత యజమానిని కూడా గుర్తుపట్టక పారిపోతుంది. పేరు పెట్టి అరవకండి. పక్కకు తిరిగి కూర్చుని, కళ్లలోకి చూడకుండా, తిండి ముక్కలు మెల్లగా మీ చుట్టూ విసరండి. ఎంతసేపైనా సరే, దాన్నే రానివ్వండి. పదిమంది గుంపుగా వెతకడానికి వెళ్లి ఇంకో ఊరి దాకా తరిమేసిన సంగతులు చూశాను.

సెలయేరు
ఈ చివరి పేరా ప్రతి ఇంట్లో ఉండాలి. మాది ఒకసారి ఉరుముకు బెదిరి పోయినప్పుడు మా వారిని చూసి ఇంకా పరుగు తీసింది. ఆయన తడి నేల మీద అలాగే కూర్చుండిపోయారు. చాలాసేపటికి వచ్చి ఆయన మోకాలికి ముక్కు ఆనించింది.

గుమ్మంముందు
మా దానికి మెడపట్టీ జారిపోతుంటుంది. బిగిస్తే దగ్గుతుంది. ఏం చేయాలి?

నీలిగన్నేరు
పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరకూడదు. తల సన్నగా, మెడ లావుగా ఉండే కుక్కలకు అదీ జారుతుంది. లాగినప్పుడు కొద్దిగా బిగుసుకుని, వదిలితే వదులయ్యే మార్టింగేల్ పట్టీలు వాటి కోసమే. లేదా ఛాతీకి వేసే హార్నెస్. దగ్గుతుందంటే హార్నెస్సే మంచిది, డాక్టరుకు కూడా ఒకసారి చూపించండి.

మూగనేస్తం
తిరిగొచ్చిన కుక్కను ఏం చూడాలో కూడా చెబుతాను. పాదాల కింద గాజు, ముళ్లు, చెవుల్లో, వేళ్ల మధ్య గోమార్లు. వేరే కుక్క కరిచిన గుర్తులుంటే, రేబిస్ టీకా వేయించి ఉన్నా సరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దాన్ని పట్టుకునే హడావుడిలో మనిషికి పన్ను గానీ గోరు గానీ గీరుకుంటే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు వైద్యం లేనట్టే, అందుకే చిన్న గీత అని వదిలేయకూడదు.

ఎలుకల మందు తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం తిన్నవి రెండు మూడు రోజులు హుషారుగానే తిరుగుతాయి, ఆ తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. చాక్లెట్, ద్రాక్ష కూడా కుక్కలకు విషమే.

మల్లెపందిరి
ఇంత రాశారు మీరందరూ. రాత్రి కూర్చుని మామయ్యగారికి మొత్తం చదివి వినిపించాను. దగ్గరికి వచ్చినందుకే కొట్టారని అనుకుంటుందన్న చోట ఆపి మళ్లీ చదవమన్నారు. ఏమీ అనలేదు. పొద్దున చూస్తే జేబులో గింజలు పోసుకుని పిడుగును పిలుస్తున్నారు, వస్తే ఒకటి పెడుతున్నారు.

ఒక సందేహం. వాణ్ని బయట పిలవడం ఎలా నేర్పాలి? ఇంట్లో పిలిస్తే వస్తాడు కదా, గేటు బయటే కదా సమస్య.

నీలిగన్నేరు
మామయ్యగారికి నా నమస్కారం చెప్పండి.

బయట నేర్పాలంటే పొడవాటి తాడు కావాలి. 10 నుంచి 15 మీటర్లు, హార్నెస్‌కే కట్టండి, మెడపట్టీకి వద్దు, పరిగెత్తి ఆగినప్పుడు మెడ విరిగేంత దెబ్బ తగులుతుంది. చేతికి చుట్టుకోకండి. ఖాళీగా ఉన్న చోటికి తీసుకెళ్లి వాసన చూడనివ్వండి. మీ వైపు తనంతట తను చూసిన క్షణంలో పిలవండి. వస్తే ఇంట్లో ఎప్పుడూ దొరకని ముక్క పెట్టండి, పెట్టి మళ్లీ వదిలేయండి. ఈ వదిలేయడమే అసలు కీలకం. చాలామంది ఆట ముగిసేటప్పుడే పిలుస్తారు, తాడు తగిలించి ఇంటికి లాక్కొస్తారు. పిలుపు అంటే సరదా అయిపోయిందని కుక్కకు అర్థమైపోతుంది. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు మళ్లీ వాసన చూడటానికి పంపండి.

కచ్చితంగా రాడని తెలిసినప్పుడు పిలవకండి. పిల్లి వెంట పరుగులో ఉన్నప్పుడు "పిడుగూ" అని ఇరవైసార్లు అరిస్తే, ఆ మాటకు అర్థం లేదని మీరే నేర్పినట్టు. తాడు పట్టుకుని దగ్గరికి నడిచి వెళ్లండి. బాగా వస్తున్నాడు కదా అని తాడు తీసేయడానికి తొందరపడొద్దు. నెలలు పడుతుంది. బీగిల్ రక్తం ఉన్నవాడు రోడ్ల పక్కన తాడు లేకుండా తిరగడం ఎప్పటికీ కుదరకపోవచ్చు కూడా. అది ఓటమి కాదు.

పాతకాపు
నేనొకటి అడుగుతాను. పిల్లలు, పెద్దవాళ్లు, పాలవాళ్లు, పేపరువాళ్లు అందరూ గేటు తీస్తారు. అందరూ ఇవన్నీ గుర్తుపెట్టుకుంటారా?

నీలిగన్నేరు
పెట్టుకోరు. అందుకే రెండు తలుపులు ఉండాలి. గేటుకూ గుమ్మానికీ మధ్య చిన్నపిల్లల కోసం అమ్మే అడ్డుగేటు ఒకటి పెడితే, ఒకటి మూశాకే రెండోది తెరుచుకోవాలన్న ఒక్క నియమం చాలు. గుమ్మం దగ్గర ఆగడం కూడా నేర్పొచ్చు. తలుపు కొద్దిగా తీయండి, ముక్కు ముందుకొస్తే మెల్లగా మూసేయండి. వెనక్కి తగ్గి నిలబడితే తెరిచి, మీరే అనుమతిచ్చి బయటికి తీసుకెళ్లండి.

చిన్నూ_నాన్న
గేటుకు స్ప్రింగు పెట్టించండి, దానంతట అదే మూసుకుంటుంది. పిల్లలు మర్చిపోయినా పరవాలేదు.

పాతకాపు
స్ప్రింగు. ఇది నా బుర్రకు తట్టలేదు. మంచి మాట.

వంకరతోక
ఈ చర్చలో అందరూ ఒప్పుకున్న మొదటి విషయం స్ప్రింగు.

మల్లెపందిరి
కొన్ని వారాల తర్వాత వచ్చాను. స్ప్రింగు పెట్టించాం, లోపల అడ్డుగేటు పెట్టాం. ఆపరేషన్‌కు డాక్టరు తేదీ ఇచ్చారు. మెడపట్టీ మీద ఫోన్ నంబరు చెక్కించాం, చిప్ కూడా వేయించి నమోదు చేశాం. మా పెద్దాడు రోజూ తువ్వాలులో గింజలు ముడేసి ఇస్తున్నాడు, పిడుగు అరగంట దానితోనే కుస్తీ.

పొడవాటి తాడుతో బయటికి మామయ్యగారే తీసుకెళ్తున్నారు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. పిలిస్తే చాలావరకు వస్తున్నాడు. పిల్లి కనబడితే మాత్రం ఎవరూ కనబడరు వాడికి. మొన్న కొరియర్ అబ్బాయి రెండు తలుపులూ ఒకేసారి తీశాడు, పిడుగు వీధిలోకి దూకాడు. వెతుకులాట గారు చెప్పినట్టు మా చిన్నది రెండో వైపుకు తిరిగి నవ్వుతూ పరిగెత్తింది. వాడు ఆగి, చూసి, దాని వెనకే ఇంట్లోకి వచ్చేశాడు! మేమెవరం నమ్మలేదు.

వెతుకులాట
మీ చిన్నదానికి నా తరఫున శభాష్ చెప్పండి. ఎన్నిసార్లు చెప్పినా పెద్దవాళ్లు వెంటే పరిగెత్తుతారు.

గోడదూకుడు
మాది డ్రమ్ము జరిపాక దూకలేదు. ఇప్పుడు తవ్వుతోంది. తీగవల ఎంత లోతున పరచాలి?

నీలిగన్నేరు
లోతు కంటే వెడల్పు ముఖ్యం. కంచె అంచు నుంచి లోపలికి రెండు అడుగులు పరిచి, కంచెకు గట్టిగా బిగించి, పైన మట్టి కప్పండి. అది కంచె మొదట్లోనే తవ్వుతుంది, వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. వల అంచులు లోపలికి మడవండి, లేకపోతే పంజాలు గీరుకుంటాయి. ఇంకో పక్క దానికోసం ఇసుక పోసి బొమ్మలు పూడ్చిన గుంట ఒకటి ఇవ్వండి, తవ్వుకోనివ్వండి.

గోడదూకుడు
ఈ ఆదివారమే పని మొదలుపెడుతున్నాను. ఫొటోలు పెడతాను.